40 లీటర్ల ఫ్రిజ్ తీసేసి 130 లీటర్లది: మా క్యారవాన్‌లో చేయించుకున్న పని

మా బండి ఫోర్స్ ట్రావెలర్. సీట్లు తీసేసి మంచాలు, వంటగట్టు, చిన్న బాత్రూమ్ పెట్టించిన క్యారవాన్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. అందులో వంటగట్టు కింద 40 లీటర్ల ఫ్రిజ్ ఒకటి వచ్చింది, హోటల్ గదుల్లో పెడతారే ఆ మినీబార్ రకం. దాన్ని తీసేసి, ఇన్వర్టర్ లేకుండా నేరుగా బ్యాటరీ మీద నడిచే 130 లీటర్ల 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ పెట్టించాం. ఈ పని మన కోస్తా ఉక్కలో చేయించుకోవాలనుకునేవాళ్ళు అడగడానికి మనిషి దొరక్క నాలా తిరగకుండా ఉండాలని, ఏం చేశామో ఎందుకు చేశామో మొత్తం రాస్తున్నాను.

పెద్దది ఎందుకంటే ముందు కారణం మా అత్తయ్యగారి ఇన్సులిన్. వాడకం మొదలుపెట్టని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వెచ్చబడితే శక్తి తగ్గిపోతుంది, గడ్డకడితే ఇక వాడకూడదు. పాత ఫ్రిజ్‌లో మే నెల మధ్యాహ్నం థర్మామీటర్ పెడితే 15, 16 చూపించేది. ఆవిడని తీసుకుని అన్నవరం వెళ్ళాలన్నా టెన్షనే. పాలు, పెరుగు, పిల్లల పళ్ళు, కూరలు అంటారా, అవి ఎలాగూ పట్టేవి కావు. పులస సీజన్లో యానాం వైపు వెళ్ళి చేప కొంటే మళ్ళీ ఐసు, థర్మోకోల్ పెట్టె వెతుక్కోవాల్సిందే.

ఆ చిన్న ఫ్రిజ్‌లో రిపేరేమీ లేదు, దాని తీరే అంత. మినీబార్లలో చాలావాటికి కంప్రెసర్ ఉండదు. లోపల అమ్మోనియా, నీరు, హైడ్రోజన్ ఉంటాయి. ఒక హీటర్ నీళ్ళలోంచి అమ్మోనియాని మరిగించి పైకి పంపిస్తే అది చల్లబడి ద్రవమై, మళ్ళీ ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుంటుంది. చప్పుడు ఉండదు, అందుకే హోటళ్ళకి ఇష్టం. ఏసీ గదిలో బల్లపరుపుగా ఉన్నంతసేపు బాగానే పనిచేస్తుంది. మన దగ్గర బండి ఆపేది కాలవగట్టు మీదో, కొబ్బరితోట పక్కనో. ఏదో ఒక పక్కకి వాలి ఉంటుంది, అలా వాలితే లోపల ద్రవం కిందికి జారాల్సిన చోట జారదు. పైగా చుట్టూ ఉన్న గాలి 40 డిగ్రీలుంటే, అది ఎంత కష్టపడినా అంతకంటే పాతిక డిగ్రీలు దించితే గొప్ప.

ఇంకో సంగతి మా ఇంట్లో అందరినీ ఆశ్చర్యపరిచింది. ఆ చిన్నదాని హీటర్ 65 వాట్లు. ఎండాకాలంలో అది ఆగదు, 24 గంటలూ వెలుగుతూనే ఉంటుంది. అంటే రోజుకి 1560 వాట్ అవర్లు, యూనిట్లలో చెప్పాలంటే ఒకటిన్నర పైమాటే. అది 230 వోల్టులది కాబట్టి ఇన్వర్టర్ కూడా రాత్రంతా ఆన్‌లో ఉండాలి, దాని తిండి అదనం. బండిలో ఉన్నది 150 యాంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీ, అంటే కాగితం మీద 1800 వాట్ అవర్లు. ఇలాంటి లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి దించితే ఆయుష్షు పడిపోతుంది కాబట్టి మనకి చేతికొచ్చేది 900. తెల్లారేసరికి ఇన్వర్టర్ కీచుమనేది ఇందుకే. కంప్రెసర్ ఫ్రిజ్ అలా కాదు, చల్లబడ్డాక ఆగుతుంది, అవసరమైనప్పుడు మళ్ళీ మొదలవుతుంది. ఇప్పుడు మా 130 లీటర్లది రోహిణి కార్తె ఎండలో కూడా రోజుకి 600 నుంచి 700 వాట్ అవర్ల మధ్యే తీసుకుంటోంది, బ్యాటరీకి బిగించిన మీటర్లో చూసి చెబుతున్నాను. మూడింతలు పెద్దది, కరెంటు సగం కంటే తక్కువ.

మా ఆయన ముందు ఇంట్లో వాడే 180 లీటర్ల సింగిల్ డోర్ పెట్టేద్దాం, ధర చాలా తక్కువ కదా అన్నారు. నిజమే, 12 వోల్టులదానికి మేం పెట్టిన డబ్బుతో ఇంటి ఫ్రిజ్‌లు మూడు వచ్చేవి. స్టార్ లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది, దాన్ని 365తో భాగిస్తే ఆ లెక్క కూడా బాగానే కనిపించింది. కానీ దానికోసం ఇన్వర్టర్ రాత్రీపగలూ నడవాలి, ఖాళీగా ఉన్నా కొన్ని ఇన్వర్టర్లు 10, 15 వాట్లు తాగుతాయి. అంతకంటే పెద్ద అడ్డంకి ఇంకోటి ఉంది. ఇప్పటి ఇంటి ఫ్రిజ్‌లలో చాలావాటికి వేడి వదిలే గొట్టాలు వెనక కనిపించవు, రెండు పక్కల రేకుల లోపల ఉంటాయి. నడుస్తున్నప్పుడు పక్కన చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది చూడండి, అదే. అలాంటిదాన్ని తీసుకెళ్ళి అల్మరాలో ఇరికిస్తే ఆ వేడి పోయే దారే ఉండదు. పక్కరేకుకి స్క్రూ బిగిద్దామన్నా గొట్టానికి తగిలిందంటే గ్యాస్ మొత్తం పోతుంది. అలా ఆ ఆలోచన మానేశాం.

అసలు పని ఎలా చెయ్యాలో నాకు అర్థమైంది భీమవరంలో ఒక మెకానిక్ బాబాయ్ గారి దగ్గర. రొయ్యలు, చేపలు తీసుకెళ్ళే చల్లబండ్లకి, ఐసు ఫ్యాక్టరీలకి పనిచేస్తూ పెరిగిన మనిషి. నేను బ్యాటరీ లెక్కలు, సోలార్ లెక్కలు రాసుకున్న కాగితం తీసి చూపిస్తే పక్కన పెట్టేసి, "అమ్మాయ్, ఫ్రిజ్ చల్లదనం పుట్టించదమ్మా. లోపలి వేడి తీసి బయట పారేస్తది, అంతే. ఆ పారేసిన వేడి ఎటు పోద్దో ముందు అది చెప్పు నాకు" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. "మురుగు కాలవ పూడిపోయుంటే చేలో నీరు ఎన్ని ఇంజన్లు పెట్టి తోడితే మాత్రం ఏం లాభం, మళ్ళీ చేలోకే వత్తది కదా" అని ఆయనే అన్నారు. ఆ తర్వాత మేం కొలిచిన ప్రతి అంగుళం ఆ మాట చుట్టూనే తిరిగింది.

ముందు చోటు. పాతది సుమారు 40 సెంటీమీటర్ల వెడల్పు, 56 ఎత్తు. కొత్తది 52 వెడల్పు, 75 ఎత్తు, 54 లోతు. వంటగట్టు కింద పట్టాలంటే సింక్ జరపాలి, నీళ్ళ పైపులు మార్చాలి, వెనక గాలికి వేలెడు సందు కూడా మిగలదు. అందుకని పక్క తలుపు దగ్గరున్న బట్టల అల్మరా వదులుకున్నాం. లోపల 58 సెంటీమీటర్ల వెడల్పు, 62 లోతు. అంటే పక్కలకి మూడేసి, వెనక ఎనిమిది. బట్టలకి మంచాల కింద సంచులు చాలు, రోజూ నాలుగు జతల కంటే ఎవరం వాడం. బండి తలుపులోంచి ఫ్రిజ్ లోపలికి పడుతుందా అన్నది కూడా కొనకముందే కొలవండి, చేతిపట్టు కడ్డీ అడ్డొస్తుంది. మాకు ఆ కడ్డీ విప్పితే గానీ దూరలేదు.

అల్మరా అడుగున వడ్రంగి 19 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైతో దిమ్మ కట్టాడు, నేలకి పది సెంటీమీటర్ల ఎత్తున. రసమట్టం పెట్టి చూసి మరీ బిగించాడు. ఫ్రిజ్ ముప్పై కిలోల పైన ఉంటుంది, పాలు, నీళ్ళు పెడితే ఇంకా. సడెన్ బ్రేక్ వేస్తే అది ఎగిరి ముందుకు రాకూడదు. అందుకని ప్లైకి స్క్రూలు కొట్టి వదిలెయ్యకుండా, కింద రెండు ఇనప యాంగిళ్ళు పెట్టి బండి ఫ్లోర్ బీముకి బోల్టులు వేసి, కుదుపులకి వదులవ్వని నైలాక్ నట్లతో బిగించాం. మధ్యలో రబ్బరు ముక్కలు. ఫ్రిజ్ పక్కలకి ఒక్క స్క్రూ కూడా లేదు, దాంతోపాటు వచ్చిన ముందు ఫ్రేముకి, అడుగు యాంగిళ్ళకి మాత్రమే.

ఇక గాలి దారి. ఎక్కువ రోజులు పట్టింది దీనికే. చల్లగాలి కిందనుంచి రావాలి, ఫ్రిజ్ వెనక వేడి వదిలే రేకుల మీదుగా పైకి పోవాలి, వేడెక్కింది బయటికి వెళ్ళిపోవాలి. కిందనుంచి బండి లోపలి గాలే తీసుకోవచ్చు కదా, అల్మరా తలుపు కింద జాలీ పెడితే చాలు అని వడ్రంగి అన్నాడు. ఏసీ వేసుకున్నప్పుడు అది బాగుంటుంది. కానీ ఎండలో తలుపులు మూసి గుడికి వెళ్ళొస్తే బండి లోపల కొలిమిలా ఉంటుంది. బండి కింద నీడలో గాలి దానికంటే చాలా నయం. అందుకని ఫ్లోర్‌కి మూడంగుళాల రంధ్రం ఒకటి పెట్టి, పీవీసీ బెండు వెనక్కి తిప్పి బిగించాం. వెనక్కి ఎందుకంటే ముందుకి ఉంటే వానాకాలంలో బురదనీళ్ళు నేరుగా లోపలికి కొడతాయి. డ్రిల్లు పెట్టేముందు మెకానిక్ బాబాయ్ గారు బండి కిందికి దూరి టార్చ్ వేసి బ్రేక్ పైపు, డీజిల్ పైపు ఎక్కడున్నాయో సుద్దముక్కతో గీత గీశారు. మీరు చేయిస్తే ఈ ఒక్క పని మాత్రం ఎవరు తొందరపెట్టినా వదలకండి.

ఆ బెండుకి స్టీలు జాలీ రెండు వరసలు వేశాం. ప్లాస్టిక్ దోమల మెష్ చాలదా అంటే చాలదు. కోతలప్పుడు చేలల్లోంచి ఎలుకలు ఎక్కడికైనా ఎక్కుతాయి, వెచ్చగా ఉన్న చోటు, కొరకడానికి వైరు దొరికితే వదలవు.

పైన గాలి బయటికి వెళ్ళడానికి బాడీ రేకు కొయ్యలేదు. మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 ఉంది, ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని సొంతంగా మార్చకూడదు. మా బండి క్యారవాన్‌గానే రిజిస్టరై ఉంది, లోపల ఫ్రిజ్ మార్చుకుంటే ఆ వివరాలేవీ మారవు, బాడీ జోలికి మాత్రం వెళ్ళకూడదనుకున్నాం. అదృష్టం ఏమిటంటే ఆ అల్మరా వెనక పాత జరుపుడు అద్దం కిటికీ ఉంది, కట్టినవాళ్ళు నల్ల ఫిల్మ్ వేసి లోపలినుంచి ప్లైతో మూసేశారు. ప్లై కోసి, ఒక అద్దం తీసి, అదే చానెల్లో వాన లోపలికి రాకుండా కిందికి వంచిన రెక్కలున్న అల్యూమినియం జాలీ కూర్చోబెట్టాం. ఇష్టం లేకపోతే రేపు జాలీ తీసి మళ్ళీ అద్దం పెట్టుకోవచ్చు.

దారి పెట్టినంత మాత్రాన గాలి ఆ దారిన పోదు. పక్కల మూడేసి సెంటీమీటర్లు ఖాళీగా వదిలేస్తే వెనక వేడెక్కిన గాలి పక్కల్లోంచి తిరిగి కిందికొచ్చి మళ్ళీ అదే రేకుల్లోకి వెళ్తుంది. అందుకని పక్కల సందులు, పై సందు దట్టమైన ఫోమ్ షీటుతో నింపేశాం, వెనక మాత్రం పూర్తిగా ఖాళీ. ఫ్రిజ్ నెత్తి దగ్గర ఒక పలక ఏటవాలుగా పెట్టి, గాలిని నేరుగా జాలీ వైపు మళ్ళించాం. జాలీకి లోపల 120 మిల్లీమీటర్ల కంప్యూటర్ ఫ్యాన్ ఒకటి. కంప్రెసర్ మీదుండే చిన్న కంట్రోల్ పెట్టెకి ఫ్యాన్ కోసం వేరే టెర్మినల్ ఉంటుంది, దానికి కలిపితే కంప్రెసర్ తిరిగినప్పుడే ఫ్యాన్ తిరుగుతుంది. అర యాంపియర్ దాటని ఫ్యానే వాడాలి.

ఫోమ్, పలక పెట్టకముందు ఒక మధ్యాహ్నం, పెట్టాక దాదాపు అంతే ఎండ ఉన్న ఇంకో మధ్యాహ్నం కొలిచాను. ముందు కంప్రెసర్ దాదాపు ఆగకుండా నడిచింది. తర్వాత సగం సేపు నడిచి సగం సేపు ఆగింది. అదే ఫ్రిజ్, అదే బ్యాటరీ. మారింది గాలి దారి ఒక్కటే. బ్యాటరీ పెద్దది కొందామా అనుకుంటున్న మేం ఆ రోజే ఆ మాట మానేశాం.

కరెంటు వైరు దగ్గర మాత్రం ఎలక్ట్రీషియన్‌తో కాసేపు వాదన అయింది. ఆయన ఇంటి వైరింగుకి వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు తెచ్చాడు. "60 వాట్ల ఫ్రిజ్‌కి ఇది ఎక్కువేనండి" అన్నాడు. ఇంట్లో 230 వోల్టుల దగ్గర ఆ మాట నిజం. 12 వోల్టుల దగ్గర అదే 60 వాట్లకి 5 యాంపియర్లు కావాలి, స్టార్టయ్యేటప్పుడు ఇంకా ఎక్కువ. మా బ్యాటరీ వెనక మంచం కింద, ఫ్రిజ్ ముందు పక్క, మధ్యలో వైరు పోయే దారి నాలుగున్నర మీటర్లు, రానూపోనూ తొమ్మిది. సన్నవైరులో దారిలోనే అర వోల్టు నుంచి దాదాపు ఒక వోల్టు దాకా పోతుంది. ఇలాంటి కంప్రెసర్లకి బ్యాటరీ పాడవకుండా ఒక కాపలా ఉంటుంది. మా దాంట్లో ఉన్న రకానికి వోల్టేజ్ 10.4కి పడితే ఆగిపోతుంది, మళ్ళీ 11.7కి వస్తే గానీ మొదలవదు. సగం దిగిన పాత ట్యూబులర్ బ్యాటరీకి ఆ సన్నవైరు పెట్టి చూపించాం. కంప్రెసర్ గుర్రుమని మొదలై ఆగిపోయింది, కంట్రోల్ పెట్టె మీద లైటు ఒక్కసారి మినుకుమని ఆగుతోంది. ఆ పెట్టె భాషలో ఒక్క మినుకు అంటే వోల్టేజ్ చాల్లేదని, మూడైతే మోటారు స్టార్టవలేదని, ఐదైతే వేడెక్కిందని. ఎలక్ట్రీషియన్ ఇంకేం మాట్లాడలేదు, వెళ్ళి 6 చదరపు మిల్లీమీటర్ల వైరు తెచ్చాడు.

ఆ వైరుని మధ్యలో ఏ స్విచ్ బోర్డుకీ కలపకుండా నేరుగా బ్యాటరీ నుంచి లాగాం, బ్యాటరీ పక్కనే 15 యాంపియర్ల ఫ్యూజ్. వైరు చివర బిగించే లగ్గులన్నీ తగరం పూసినవే. మాది రాజోలు దగ్గర, సముద్రం ఎంతో దూరం లేదు. అంతర్వేదిలో ఒక రాత్రి బండి పెడితే అద్దాల మీద ఉప్పు తేమ పేరుకుంటుంది, ఉత్త రాగి లగ్గులు చూస్తుండగానే పచ్చబడతాయి. ప్రతి జాయింటుకి హీట్ ష్రింక్ స్లీవ్ వేసి, టెర్మినళ్ళకి వాజలీన్ పూశాం.

బ్యాటరీ కూడా మార్చాం. 100 యాంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్, 1280 వాట్ అవర్లు, దాన్ని దాదాపు మొత్తం వాడుకోవచ్చు. ట్యూబులర్ బ్యాటరీ చార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతుంది, మనుషులు పడుకునే మంచం కింద అది ఉండటం నాకు మొదటినుంచీ నచ్చలేదు. లిథియం వేసినప్పుడు సోలార్ చార్జర్లో ఈక్వలైజేషన్ ఆపెయ్యడం మర్చిపోవద్దు, అది అప్పుడప్పుడు కావాలని ఎక్కువ వోల్టేజ్‌తో చార్జ్ చెయ్యడం, లెడ్ యాసిడ్ కోసం ఉన్నది. ఇంజన్ నుంచి కూడా నేరుగా కాకుండా, కరెంటుని హద్దులో ఉంచే డీసీ టు డీసీ చార్జర్ పెట్టుకోవాలి, లేకపోతే ఇంజన్ దగ్గర కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ ఇవ్వగలిగినంతా ఆ బ్యాటరీ లాగేస్తుంది, ఆల్టర్నేటర్ మాడిపోవచ్చు. పైన ఉన్న 330 వాట్ల ప్యానెళ్ళు ఎండ ఉన్న రోజు ఫ్రిజ్ తిండికి మించి ఇస్తున్నాయి. ముసురు పట్టిన రోజు ఇవ్వవు, ఆ రోజు రావులపాలెం దాకా బండి నడిపి వస్తే చాలావరకు సర్దుకుంటుంది.

ఫ్రిజ్ ట్రాన్స్‌పోర్ట్‌లో పడుకోబెట్టి తెచ్చినట్టు అనిపించింది, అట్ట ఒక పక్క నలిగింది. కంప్రెసర్‌లో ఉన్న నూనె గొట్టాల్లోకి వెళ్ళి ఉంటుందని ఆ రాత్రంతా నిలబెట్టి ఉంచి మర్నాడే ఆన్ చేశాం. పిల్లలు ఐస్‌క్రీమ్ కోసం ఎంత గొడవ చేసినా సరే.

తర్వాత చించినాడ వంతెన మీదుగా నరసాపురం, అక్కడినుంచి భీమవరం, తిరిగొచ్చి ఇటు యానాం దాకా తిప్పాం. లోపల థర్మామీటర్ సెన్సార్‌ని గాలిలో వేలాడదీయకుండా నీళ్ళ సీసాలో ముంచి పెట్టాను. తలుపు తీసినప్పుడల్లా గాలి వేడెక్కుతుంది కానీ మందు సీసా లోపల అంత త్వరగా మారదు, సీసాలో నీళ్ళు దానికి దగ్గరి లెక్క. ఎండ మండే వేళ కూడా 4 నుంచి 6 మధ్యే ఉంది. ఇన్సులిన్ మాత్రం ఫ్రీజర్ పలకకి, వెనక గోడకి తగలకుండా మధ్య అరలో డబ్బాలో పెడుతున్నాం, ఎందుకంటే అక్కడ గడ్డకట్టే ప్రమాదం ఉంది. అత్తయ్యగారు మొదట్లో గంటకోసారి "ఎంతుందే అమ్మాయ్" అని అడిగేవారు. తర్వాత ఆవిడే కళ్ళజోడు పెట్టుకుని చూసుకోవడం మొదలుపెట్టారు.

ఒక ఇబ్బంది ఉంది, చెప్పాలి. పాతదానికి చప్పుడు లేదు, దీనికి ఉంది. తలుపు దగ్గర మంచం మీద పడుకునేవాళ్ళకి రాత్రి కంప్రెసర్ మొదలైనప్పుడల్లా తెలుస్తుంది. అడుగు రబ్బర్లు మందంగావి వేశాక కొంత తగ్గింది. రాత్రిపూట రెండు డిగ్రీలు పెంచి పెడదామా అనిపించింది గానీ మందు ఉన్నప్పుడు ఆ పని చెయ్యను.

బండి వాడనప్పుడు ఫ్రిజ్ ఆపేసి, తుడిచి, తలుపు కొద్దిగా తెరిచి ఉండేలా గొళ్ళెం రెండో గాట్లో పెడుతున్నాం. మూసేస్తే మన తేమకి వారం తిరక్కుండా లోపల బూజు పడుతుంది. జాలీల మీద దుమ్ము నెలకోసారి పెయింట్ బ్రష్‌తో దులపాలి, కోతల సీజన్లో ఇంకా తరచుగా, ఊక అంతా అక్కడే పట్టుకుంటుంది. పాత మినీబార్ మా అన్నయ్య తన మెడికల్ షాపుకి తీసుకెళ్ళాడు. ఏసీ గది, బల్లపరుపు నేల, అక్కడ మంచినీళ్ళ సీసాలు చల్లగా ఉంచుతోంది. ఇక మిగిలిన పని కింది బెండుకి ఒక మూత. వరదలప్పుడు లంకల వైపు రోడ్ల మీద నీళ్ళు నిలుస్తాయి కాబట్టి, లోపలినుంచే మూసుకునేలా వాల్వ్ లాంటిది తయారుచేసిస్తానని మెకానిక్ బాబాయ్ గారు కొలతలు తీసుకెళ్ళారు.